పద్నాలుగో నంబరు బొమ్మ

జనవరి 8

వదిన గారికి మరిది నమస్కరించి రాసేది.

ముందుగా నా రాత సంగతి. కోడి కెలికినట్టు ఉంటుందని మీకు తెలుసు. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది, ఏ ఒత్తు ఎక్కడ పడుతుందో ఇప్పటికీ అనుమానమే. తప్పులుంటే మీరే దిద్దుకుని చదువుకోండి. ఫోను చెయ్యొచ్చుగా అంటారు. ఫోనులో మీరు పది మాటలు అడుగుతారు, నేను ఊ అంటాను. కాగితం మీదైతే నిదానంగా నాలుగు ముక్కలు వస్తాయి.

ఇక్కడ అమ్మాయికి ఆసుపత్రిలో పగటి డ్యూటీ పడింది. టైలరు కొట్టు పైన రెండు గదులు తీసుకుంది. కిందనుంచి మిషను చప్పుడు వస్తుంటుంది. బాగానే ఉంటుంది, ఎవరో పని చేస్తున్నారని తెలుస్తుంది. నా మోకాలు చూసిన డాక్టరు రోజూ నడవమన్నాడు. ఎక్కడికి నడవను, నాకు ఇక్కడ ఎవరూ తెలీదన్నాను. అమ్మాయి మునిసిపాలిటీ వాళ్ళు పంచిపెట్టే పటం ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. ఊళ్ళో గోడల మీద వేసిన బొమ్మలు, చెరువు గట్టున నిలబెట్టిన బొమ్మలు అన్నీ కలిపి ఇరవై మూడు. ఒక్కోదానికి ఒక నంబరు. "రోజుకి రెండు చూసి రా నాన్నా, అదే నీ మందు" అంది.

ఊరు చిన్నదే. చెరువు మాత్రం అవతలి ఒడ్డు కనపడనంత పెద్దది. చేపల బజారు గోడ మీద మనిషంత చేప కుర్చీలో కూర్చుని, ఒక మనిషిని త్రాసులో వేసి తూస్తోంది. దాని కిందే చేపలమ్మేవాళ్ళు కూర్చుని నిజం త్రాసుతో తూస్తున్నారు. బొమ్మ ఎలా ఉంది తాతా అని ఒకావిడ అడిగింది. ఎడమ పక్క పూత ఉబ్బింది, రెండు వానలకు రాలుతుంది అన్నాను. ఆవిడ నవ్వింది. నాకు ముందు గోడే కనపడుతుంది, తర్వాత బొమ్మ. యాభై ఏళ్ళు తాపీ పట్టినవాడి కళ్ళు ఇంకెలా ఉంటాయి. పడవల రేవు దగ్గర సైకిలు చెయిన్లతో చేసిన ఇనుప కొంగ ఉంది. గాలి వేస్తే కిర్రుమంటుంది.

అసలు సంగతి ఇది. పద్నాలుగో నంబరు. గట్టు మెట్ల చివర ఒక ఆడమనిషి కూర్చుని ఉంది, సిమెంటు బొమ్మ. అది అన్నయ్య చేసిందని నాకు తెలిసిపోయింది. నలభై రెండేళ్ళ కిందట ఆయన పది నెలలు పనికి వెళ్ళింది ఈ ఊరికే కదా. మెట్లు కట్టామని చెప్పాడుగానీ బొమ్మ చేశానని నాతో ఎప్పుడూ అనలేదు. మీతో అన్నాడా?

ఉంటాను. మీ పంటి నొప్పి ఎలా ఉందో రాయండి.

మీ మరిది


జనవరి 17

మాటలపోగు మరిదికి,

నీ ఉత్తరం చూసి మా కోడలు ఆశ్చర్యపోయింది. చిన్నమామయ్య ఒక్కసారే ఇన్ని మాటలా అని. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నువ్వు తలుపు చాటున నిలబడి, మంచినీళ్ళు కావాలని అడగడానికి కూడా మీ అన్నయ్యను పంపేవాడివి. అలాంటివాడు రెండు పేజీలు రాశాడంటే ఆ ఊరి నీళ్ళలో ఏదో ఉంది.

పన్ను పీకేశారు. ఇప్పుడు నాలుక ఊరికే ఆ ఖాళీలోకే పోతోంది. లేనిదాని మీదే ధ్యాస ఉంటుంది మరి. పెద్దాడు సైకిలు కొట్టుకి కొత్త అలమర కొట్టించాడు, తలుపు పట్టడం లేదు. నువ్వు ఉంటే చూసేవాడివి.

బొమ్మ సంగతి నాతో ఏమీ అనలేదు. ఆయన అన్నమాటలు వినడానికి మీ ఇంట్లో మీ అమ్మ ఉండేది, నువ్వు ఉండేవాడివి, వీధిలో అందరూ ఉండేవారు. నా దాకా వచ్చేటప్పటికి మిగిలేవి ఏముంటాయి.

ఇంతకీ ఆడమనిషి అన్నావు. ఎవరా మనిషి? వయసెంత ఉంటుంది? అన్నయ్య చేసిందని నీకెలా తెలిసిపోయింది? సగం చెప్పి ఊరుకోవడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఈసారి పూర్తిగా రాయి.

నీ వదిన


జనవరి 26

వదిన గారికి,

పూర్తిగా రాయమన్నారు. రాస్తున్నాను.

ఆమెకు ముప్పై ఏళ్ళుంటాయి. కింది మెట్టు మీద కూర్చుని వల బాగుచేస్తోంది. పాదాలు నీళ్ళలో ఉన్నాయి. ఒళ్ళో వల నిజం వలే. సిమెంటు పాలల్లో ముంచి పరిచి, ఆరిన తర్వాత పైన సన్నగా పూశాడు. చేతులు పని చేస్తున్నాయిగానీ తల పక్కకు తిప్పుకుంది. ముక్కు సూటిగా ఉంటుంది, చెంపలు నిండుగా ఉంటాయి. మనిషి అందగత్తె. మీ పోలిక ఏమీ లేదు.

ఎలా తెలిసిందంటే గోనె వల్ల. అన్నయ్య చివరి పూత తాపీతో వదిలేసేవాడు కాదు. తడి గోనెముక్కతో తుడిచేవాడు. గోనె నేత సిమెంటు మీద అచ్చుపడి గుడ్డ కట్టినట్టే ఉంటుంది. పైగా ఆయనది ఎడమచేతివాటం, తుడుపు కుడినుంచి ఎడమకు పోతుంది. మీకు నమ్మకం లేకపోతే మన పెరట్లో నీళ్ళ తొట్టి అంచు తడిమి చూడండి. అదే గోనె, అదే వాటం. ఈ బొమ్మకి చెవి వెనకాల, వల అడుగున, ఎవరూ చూడని చోట కూడా అలాగే తుడిచాడు. ఒకరు చూస్తారని చేసే పని కాదు అది.

అయితే పటంలో పద్నాలుగో నంబరు ఎదురుగా కాంట్రాక్టరు పేరు వేశారు. ఆయన పోయి చాలా ఏళ్ళయిందట. ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క కాగితం ఆయన బిల్లు, అందుకని ఆ పేరే రాశారు. మార్చి ఆఖరుకి బొమ్మలన్నిటి దగ్గరా రాతి పలకలు పెడతారట. ఒకసారి రాయిమీద చెక్కితే ఇక అదే నిజమైపోతుంది. అన్నయ్య ఇన్ని ఇళ్ళు కట్టాడు, ఎక్కడా పేరు లేదు. ఇళ్ళకు ఎవరూ వేయరు, అది వేరు. దీనికి వేస్తున్నారు కదా. వేసేది ఆయన పేరే వేస్తే బాగుంటుంది.

వాళ్ళకు రుజువు కావాలి. నాకొకటి గుర్తొచ్చింది. ఆ రోజుల్లో అన్నయ్య అక్కడక్కడా బొమ్మలు కూడా చేసేవాడు కదా, ఏ బొమ్మ తలపెట్టినా ముందు జానెడు మట్టి నమూనా చేసుకునేవాడు. ఆ ఏడు తిరిగి వచ్చినప్పుడు సంచిలో అలాంటిది ఏమైనా తెచ్చాడా? అటక మీద ఉందేమో పెద్దాడి చేత వెతికించండి. ఉంటే ఇంకేమీ అక్కర్లేదు.

అలమర తలుపు పట్టకపోతే కింది మడతబందు విప్పి ఒక అట్టముక్క పెట్టమనండి.

మీ మరిది


ఫిబ్రవరి 4

మరిదికి,

అటక మీద ఏమీ లేదు. ఆయన ఏమీ తేలేదు.

నువ్వు ఆఫీసుల చుట్టూ తిరగకు. మోకాలు బాగుచేసుకోవడానికి వెళ్ళావు, అది చూసుకో. ఎవరి పేరు ఉంటే ఏం, పోయినాయన వచ్చి చదువుకుంటాడా. అందగత్తె అన్నావుగా. అందగత్తె గట్టున హాయిగా కూర్చుంది, ఆమెనక్కడే ఉండనీ.

అట్టముక్క పెట్టారు. తలుపు పట్టింది.

వదిన


ఫిబ్రవరి 16

వదిన గారికి,

మీ ఉత్తరం పొట్టిగా ఉంది. పన్ను పీకిన చోట నొప్పి ఇంకా తగ్గలేదని అర్థమైంది. ఉప్పునీళ్ళు పుక్కిలించండి. నా మోకాలి గురించి బెంగపడకండి, మెట్లు కూడా ఎక్కుతున్నాను.

ఆఫీసుకి వెళ్ళొద్దన్నారుగానీ ఆ ఉత్తరం అందేటప్పటికే వెళ్ళాను. మొదటి రోజు బల్ల మీద కూర్చుని వచ్చేశాను. రెండో రోజు కూడా అంతే. ఎవరైనా అడుగుతారేమో చెబుదామని చూశాను. మూడో రోజు గుమాస్తా తనే లేచి వచ్చి కొళాయి కనెక్షన్ దరఖాస్తు చేతిలో పెట్టాడు. మూడు రోజులుగా ఓపిగ్గా కూర్చున్నారు, పాపం, నీళ్ళకు ఎంత ఇబ్బందో అన్నాడు. కాదని చెప్పలేక తీసుకున్నాను. అమ్మాయి చూసి పడీపడీ నవ్వింది. మర్నాడు సెలవు పెట్టి నాతో వచ్చింది.

పలకల పని చూసేది ఒక ఇంజనీరమ్మ. మర్యాదగా కూర్చోబెట్టింది. అన్నయ్య సంగతి అమ్మాయే చెప్పింది. ఆవిడ అంతా విని, మీరు చెప్పేది నిజమే కావచ్చు, కానీ కాగితమో వస్తువో ఏదైనా ఉండాలి కదా అంది. మా పెద్దమ్మ దగ్గర మట్టి నమూనా ఉండవచ్చని అమ్మాయి చెప్పేసింది. మీరు లేదని రాశారు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. పోనీలెండి, మీరేం చేస్తారు.

అయితే ఇంకో సంగతి బయటపడింది. బొమ్మ కుడిచేతి చూపుడువేలు విరిగి ఉంది, పడవ తాడు తగిలి ఊడిపోయిందట. ఆఫీసు మేస్త్రీ రెండుసార్లు అతికాడు, రెండుసార్లూ రాలిపోయింది. నేను చెయ్యనా అన్నాను. ఎలా అన్నానో నాకే తెలీదు. పని సంగతి వస్తే నోరు దానంతటదే లేస్తుంది.

నాలుగు రోజులు పట్టింది. పాత మొదలు గీకి, సన్న తీగ దింపి, సిమెంటు పాలు పట్టించి, వేలు కట్టాను. కొత్త సిమెంటు తెల్లగా పొడుస్తుంది కదా, చెరువు ఒండ్రు నీళ్ళు రోజుకి మూడుసార్లు పట్టించాను. ఆఖరున గోనె. నేను అన్నయ్య పక్కన నిలబడి నేర్చుకున్నవాణ్ణి. తాపీ కుడిచేత పట్టినా తుడుపు మాత్రం నాకూ ఆయన వాటమే వచ్చింది. ఇంజనీరమ్మ వచ్చి భూతద్దం పెట్టి చూసింది. అతుకు ఎక్కడో కనిపెట్టలేకపోయింది. చాలాసేపు చూసి నన్ను ఏదో అడిగింది, రాసుకుంది. రేవులో పడవ మోటారు మోగుతోంది, సరిగా వినపడలేదు. తల ఊపాను.

ఆ వేలు పట్టుకున్నప్పుడు ఆయన చెయ్యి పట్టుకున్నట్టే అనిపించింది. ఇంతకన్నా రాయలేను.

మీ మరిది


ఫిబ్రవరి 27

మరిది గారికి,

అమ్మాయి సంబరపడుతూ పేపరు ముక్క పంపింది. నీ ఫోటో బాగానే వచ్చింది. పక్కన ఆమె కూడా బాగానే ఉంది. "ఇన్నాళ్ళకు దొరికిన శిల్పి" అని పెద్ద అక్షరాలతో వేశారు. పలక మీద నీ పేరే చెక్కుతారట కదా.

నువ్వు ఒకరి సొమ్ము ముట్టేవాడివి కాదని ఈ నోటితోనే నలుగురికీ చెప్పాను. నీకు పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళకు కూడా ఆ మాటే చెప్పాను. ఆఫీసుల చుట్టూ తిరగకు అన్నానుగానీ, ఆయన పని నీ పేరున రాయించుకో అన్నానా? ఆయన పేరు లేకపోతే పోయె, కాంట్రాక్టరు పేరున్నా ఊరుకునేదాన్ని. పరాయివాడు. నీ పేరు ఉండడం చూడలేను.

ఇక ఆ బొమ్మ గురించి నాకు రాయనక్కర్లేదు.

ఇట్లు,
మీ అన్నగారి భార్య


మార్చి 10

వదిన గారికి,

రాయొద్దన్నారు. అయినా రాస్తున్నాను. మీ మాట దాటడం ఇదే మొదటిసారి. ఈ ఉత్తరం పూర్తిగా చదివి తర్వాత చింపేయండి.

ఆ రోజు ఇంజనీరమ్మ అడిగిందట, ఈ బొమ్మ చేసింది నిజానికి మీరే కదా, మొహమాటపడి అన్నగారి పేరు చెబుతున్నారు కదా, అని. అతుకు కనపడలేదు కాబట్టి ఆవిడకు అలా తోచింది. నేను తల ఊపాను. ఏం అడిగిందో తెలిసి ఊపింది కాదు. ఎవరు ఏం అడిగినా ఊపడం నాకు అలవాటు. ఈ అలవాటుతో ఇంతకుముందు కొళాయి దరఖాస్తే వచ్చింది, ఈసారి అన్నయ్య పని నా ఒళ్ళో వచ్చి పడింది. పేపరు చూసేదాకా నాకు తెలీదు. తర్వాత మీ ఉత్తరం వచ్చింది.

మొన్న శుక్రవారం టౌన్‌హాల్లో మీటింగు పెట్టారు. బొమ్మలు వేసినవాళ్ళు, వాళ్ళ తాలూకు మనుషులు, అంతా కలిపి యాభై మంది ఉంటారు. పలకల మీద చెక్కేవన్నీ చదివి వినిపిస్తారు, తప్పులుంటే అప్పుడే చెప్పాలి. అమ్మాయికి డ్యూటీ, నేనొక్కణ్ణే వెళ్ళాను. పద్నాలుగో నంబరుకి నా పేరు చదివారు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగేదాకా నిలబడాలని కూడా నాకు తెలీదు, మధ్యలోనే లేచాను. ముందు బల్ల పట్టుకున్నాను.

"చేసింది నేను కాదండీ. నేను వేలు మాత్రమే. మిగతా మనిషినంతా చేసింది మా అన్నయ్య."

అంతే అన్నాను. ఇంజనీరమ్మ, మరి ముందు మీరేనని ఒప్పుకున్నారు కదా అంది. అప్పుడు వెనక బల్ల నుంచి ఒక ముసలావిడ లేచింది. డెబ్బై దాటి ఉంటాయి. పేపర్లో ఫోటో చూసి వచ్చిందట.

"నేను పొద్దుటి నుంచీ అదే చెబుదామని కూర్చున్నా. ఈయన్ని నా జన్మలో చూళ్ళేదు. నన్ను కూర్చోబెట్టినాయన ఎడమచేత్తో పని చేసేవాడు. ఈయనలా కాదు, నోరు మూసుకుంటే ఆయనకి ఊపిరాడేది కాదు" అంది.

ఆవిడ వలలు బాగుచేసే మనిషి. ఇప్పటికీ రేవు వెనక వీధిలో అదే పని. ముక్కు అలాగే ఉంది. బయటికి వచ్చిన తర్వాత తన ఇంటికి తీసుకువెళ్ళింది, టీ ఇచ్చింది. గది నిండా వలలు, కూర్చోవడానికి ఒక్క పీట. మెట్ల పని అయిపోయాక కొంచెం సిమెంటు మిగిలిందట. ఆ మిగిలినదాంతో అన్నయ్య తనంతట తనే బొమ్మ మొదలుపెట్టాడట, కాంట్రాక్టరు చూసి బిల్లులో కలుపుకున్నాడట. ఆవిడ భర్త కూడా రోజూ వచ్చి పక్కన కూర్చునేవాడట, అన్నయ్య కబుర్లు వినడానికి.

ఇప్పుడు చెప్పబోయేది నాకు చెప్పడం చేతకాదు. ఆవిడ అన్న మాటలే రాస్తాను.

"ముఖం నీది ఇవ్వు, కూర్చోవడం మాత్రం నీలా వద్దన్నాడయ్యా. మా ఆవిడకి నా మీద కోపమొస్తే ఎలా కూర్చుంటుందో అలా కూర్చోమన్నాడు. చేతిలో పని ఆగకూడదు, తల ఇటు తిరగకూడదు. కాదు ఇంకొంచెం, మెడ అంత వంచకు, ఆవిడ వంచదు, అని చంపేశాడు. పదకొండు రోజులు ఎవరావిడ కోపమో నేను మోశాను. మెడ పట్టేసి నెలరోజులు తిప్పలేకపోయాను."

నేను మళ్ళీ గట్టుకి వెళ్ళి చూశాను. వదినా, నేను మీ పోలిక లేదని రాశాను. మీ ఇంట్లో ఇన్నేళ్ళు తిరిగానుగానీ మీ ముఖం సరిగ్గా ఎప్పుడు చూశానని. అన్నయ్యతో మాట్లాడనప్పుడు వంటింటి గడప మీద మీరు అటు తిరిగి కూర్చోవడం మాత్రం చాలాసార్లు చూశాను. ముఖం ఆవిడది, కోపం మీది. నా కళ్ళ ముందే ఉన్నా కనిపెట్టలేకపోయాను.

ఇంజనీరమ్మ కొత్త కాగితం రాసుకుంది. వలలావిడ వేలిముద్ర వేసింది. పలక మీద అన్నయ్య పేరు వస్తుంది. ఇంకొకటి మిగిలింది. ప్రతి బొమ్మకీ ఒక పేరు ఉండాలట. పటంలో "మత్స్యకార మహిళ" అని వేశారు, అది ఆఫీసువాళ్ళు పెట్టింది. చేసినాయన ఏమని పిలిచేవారో తెలిస్తే అదే చెక్కిస్తామంది. వలలావిడను అడిగితే తెలీదంది. నాకూ తెలీదు. ఆ కోపం మీది కాబట్టి మీరే చెప్పాలి. ఇరవై ఐదు లోపల రాళ్ళ పనివాడికి ఇవ్వాలి.

మీ మరిది


మార్చి 18

మరిదికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తప్పులు దిద్దుకోవాల్సిన పని లేకపోయింది. ముందు నేను రాసినదానికి ఏమీ అనుకోకు. నేనే అడగాల్సింది, ఆ మాట పడేసే ముందు.

ఇప్పుడు నేను ఒకటి చెబుతాను. ఇన్నేళ్ళుగా ఎవరితోనూ అనలేదు.

ఆయన తెచ్చారు. మట్టి నమూనా. చొక్కాలో చుట్టి, సంచి అడుగున పెట్టి, పగలకుండా తెచ్చారు. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు సంచి విప్పి చూశాను. జానెడు ఆడమనిషి. ముక్కూ ముఖమూ నావి కావు. పది నెలలు ఇంటి ముఖం చూడని మనిషి ఒక ఆడదాని ముఖాన్ని అంత పదిలంగా తెచ్చుకున్నారని నాకు ఒళ్ళు మండిపోయింది. ఇలా కూర్చుంది, ఇలా మెడ తిప్పింది అని చూడలేదు నేను. ముఖం చూశాను, అంతే. మర్నాడు ఆయన పనికి వెళ్ళగానే తీసుకువెళ్ళి నీళ్ళ తొట్టిలో వేశాను. కాల్చని మట్టి కదా, మధ్యాహ్నానికి కరిగిపోయింది.

సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి వెళ్ళారు. నీళ్ళు బురదగా ఉన్నాయి. చూశారు. ఒక్క మాట అనలేదు. తొట్టి ఖాళీ చేసి, కడిగి, బావి నుంచి తోడి మళ్ళీ నింపారు. నేను గడప మీద కూర్చునే ఉన్నాను. అటు తిరిగి.

ఆ తర్వాత ఆయన ఇంకో బొమ్మ చేయలేదు, నీకు తెలుసు. గోడలే కట్టారు. ఆమె మీద బెంగతో మానేశారని అనుకున్నాను. అలా అనుకుంటూనే బతికాను. నువ్వు నమూనా ఉందా అని అడిగినప్పుడు లేదని రాశానే, అది రాయడానికి ఎంతసేపు పట్టిందో నీకు తెలీదు. నిన్న కోడలు బజారుకి వెళ్ళినప్పుడు తొట్టి దగ్గరికి వెళ్ళి అంచు తడిమాను. ఉంది. కుడినుంచి ఎడమకి. రోజూ నీళ్ళు ముంచుకుంటాను, చెయ్యి ఎప్పుడూ చెప్పలేదు.

పేరు అడిగావు.

అది కోపం అని ఆయన అనుకున్నారు. ఆవిడకీ అలాగే చెప్పారు. నువ్వూ అలాగే రాశావు. మీ అన్నదమ్ములకు ఒకరికి మాటలెక్కువ, ఒకరికి తక్కువ, ఇద్దరికీ చూపు మాత్రం ఒకటే. నాకు కోపం వస్తే లేచి వెళ్ళిపోయేదాన్ని, గిన్నెలు విసిరేదాన్ని, అది కూడా చూశారు కదా. అటు తిరిగి కూర్చున్నానంటే కోపం అయిపోయిందని. వీధిలో అందరితోనూ అన్ని మాటలు చెప్పే మనిషి నాతో ఏమైనా ఒక మాట అంటారేమోనని చెవి ఆయన వైపు పెట్టి కూర్చునేదాన్ని. తొట్టి కడిగిన రోజు కూడా. తిట్టినా సరేననుకున్నాను.

అందుకని "వింటున్న మనిషి" అని చెక్కించు. ఆఫీసువాళ్ళు ఇదేం పేరని అంటే, వాళ్ళ ముందు ఇంత కథ చెప్పకు. ఇంటివాళ్ళు పెట్టిన పేరని చెప్పు చాలు.

వలలావిడకి నా నమస్కారాలు. మెడ పట్టేసినందుకు ఏమనాలో తెలియడం లేదు.

నీ వదిన


ఏప్రిల్ 2

వదిన గారికి నమస్కారాలు.

సోమవారం పలకలు పెట్టారు. పద్నాలుగో నంబరు పలక నేనే మట్టం చూసి పెట్టాను, ఆఫీసు మేస్త్రీ ఒప్పుకున్నాడు. పైన "వింటున్న మనిషి" అని, కింద అన్నయ్య పేరు ఇంటిపేరుతో సహా ఉంది. అక్షరాలు లోతుగా చెక్కారు. వాన నీళ్ళు నిలవకుండా కొంచెం వాలు ఇచ్చాను. ఇంజనీరమ్మ పేరెవరు పెట్టారంది. ఇంటివాళ్ళు అన్నాను. బాగుందంది. మీరు చెప్పినట్టే మిగతాది చెప్పలేదు. మట్టి బొమ్మ సంగతి అమ్మాయికి కూడా చెప్పలేదు.

మీరు రాసింది చదివి రెండు రోజులు గట్టుకి వెళ్ళలేదు. మీరు చేసినదానికి కాదు. అన్నయ్య ఆ రోజు ఒక్క మాట అని ఉంటే సరిపోయేది కదా అని. మా ఇద్దరిలో మాటలు రానివాణ్ణి నేనే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. ఆయనకి కావలసిన చోట ఆయనకీ రాలేదు.

పలక పెట్టినప్పటి నుంచి ఒక వింత చూస్తున్నాను. ఇదివరకు వచ్చినవాళ్ళంతా బొమ్మ ముఖం చూడడానికి అటుపక్కకు వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు పేరు చదివి ఇటుపక్కకు, చెవి ఉన్న వైపుకు వస్తున్నారు. కాసేపు నిలబడతారు. కొందరు మెల్లిగా ఏదో అంటారు కూడా. నిన్న చేపల బజారు ఆవిడ బుట్ట దించి, చుట్టూ చూసి, తన మొగుడి మీద పెద్ద ఫిర్యాదే చెప్పుకుని వెళ్ళింది. నేను కొంగ బొమ్మ చూస్తున్నట్టు నటించాను.

వలలావిడ మిమ్మల్ని చూడాలంటోంది. పదకొండు రోజులు మోసిన సొత్తు అసలు మనిషికి అప్పగించాలట. ఇంట్లో ఒక పీటే ఉందని రెండోది కొంటానంది. వద్దన్నాను, నేను చేసి ఇస్తున్నాను.

మీరు రండి. అమ్మాయి తన గది మీకు ఇస్తానంది. బస్సు దిగిన చోటు నుంచి గట్టుకి పది నిమిషాల నడక, మెట్లు పన్నెండు, పట్టుకోవడానికి ఇనుప గొట్టం ఉంది, గట్టిదే, ఊపి చూశాను. ఆలస్యం చేయకండి. ఎండలు ముదిరితే ఇక్కడ నీరు వెనక్కి పోతుందట, నెల తిరిగేసరికి కింది మెట్లన్నీ బురద తేలతాయట. పాదాలు నీళ్ళలో ఉండగానే మీరు ఆమె పక్కన కూర్చోవాలి.

ఏ రోజు ఏ బస్సుకి బయలుదేరుతున్నారో వెంటనే జవాబు రాయండి.

మీ మరిది